సేటు మంచోడైతే సరిపోతుందా?

నీలం నగర్‌లో ఏ కార్మికుణ్ని అయినా ‘నీ కార్ఖానా ఎట్లుంది?’ అని అడిగి చూడండి. కూలి సంగతి తర్వాత చెప్తాడు. ముందు ‘మా సేటు మంచోడు’ అనో, ‘మా సేటుతో కిరికిరి’ అనో అంటాడు. పని పరిస్థితులన్నీ ఒక్క మనిషి గుణం మీద ఆధారపడి ఉన్నాయనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తెలంగాణ పల్లెల నుంచి తరతరాలుగా పద్మశాలీలు షోలాపూర్ బాట పట్టారు. 1877లో మొదలైన జూనీ మిల్లు వంటి పెద్ద మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాక చద్దర్లు, టవళ్ల పని సాంచాల షెడ్లకు చేరింది. ఇక్కడ చాలాచోట్ల యజమాని, కార్మికుడు ఒకే కులం, ఒకే భాష. నారళీ పౌర్ణమి నాడు మార్కండేయుని రథం వెంట ఇద్దరూ కలిసే నడుస్తారు.

ఈ బంధుత్వంలో మేలు లేదని కాదు. బిడ్డ పెండ్లికి, ఆస్పత్రి ఖర్చుకు బ్యాంకు ఇవ్వని పైసలు సేటు ఇస్తాడు. కానీ ఆ అడ్వాన్సు నెత్తిమీద ఉన్నంతకాలం నోరు లేవదు. 20 మంది పనిచేసే చోట పీఎఫ్, 10 మంది ఉంటే ఈఎస్ఐ వర్తించాలి. బాకీ ఉన్నోడు వాటి గురించి అడగగలడా? పీసు లెక్కన కూలి తీసుకునేటోడు ఒంట్లో బాగాలేక ఇంట్లో ఉంటే ఆ రోజు కూలి పోయినట్టే.

భయంతో మూసుకున్న నోరు ప్రాణాల మీదికి తెస్తుంది. బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా గోడలకు పగుళ్లు వచ్చాయని ముందురోజే తెలుసు. అయినా కార్మికులను లోపలికి పంపారు. 2013 ఏప్రిల్ 24న 1,100 మందికి పైగా చనిపోయారు. మన అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో 2025 మే 18న ఒక టవళ్ల కార్ఖానా అంటుకుంది. 8 మంది పోయారు. వారిలో కార్మికులే కాదు, యజమాని, ఆయన కుటుంబమూ ఉన్నారు. మంటకు సేటు, పనోడు అనే తేడా లేదు. భద్రత ఇద్దరిదీ.

‘పనోళ్లు దొరుకుతలేరు’ అని యజమానులు వాపోతున్నారు. నూలు ధర, మార్కెట్ మాంద్యం వారికీ కష్టమే, కాదనం. కానీ చెవులు చిల్లులు పడే చప్పుడులో, దూది దుమ్ములో, తండ్రి బతుకు చూసిన కొడుకు సాంచా దగ్గరికి ఎందుకొస్తాడు?

దారి మన ఊళ్లోనే ఉంది. బీడీలు చుట్టే ఆడోళ్లు ఎవరి దయ కోసమో ఎదురుచూడలేదు. నర్సయ్య ఆడం నాయకత్వంలో ఏళ్ల తరబడి కొట్లాడి కుంభారిలో 10 వేల ఇళ్లు సాధించుకున్నారు. రే నగర్‌లో 2024 జనవరిలో అసంఘటిత కార్మికులకు మరో 15 వేల ఇళ్లు అందాయి. ఒక్కొక్కరుగా అడిగితే ఉపకారం, కలిసి అడిగితే హక్కు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి. 40 ఏళ్లు దాటినవారికి ఏటా ఉచిత వైద్య పరీక్షలు చేయించాలంటున్నాయి. ఈ కోడ్‌ల మీద సంఘాలకు అభ్యంతరాలున్నాయి. అయినా ఈ రెండూ మన షెడ్లకు వచ్చేలా చూడాలి. నెలకోసారి యజమాని, కార్మికులు కూర్చొని మాట్లాడుకోవాలి. బయటికి పోయే దారికి అడ్డంగా నూలు మూటలు పెట్టొద్దని చెప్పినోడి పని పోకూడదు.

మంచి సేటు మనసు ఈ తరంతోనే ఆగిపోవచ్చు. కాగితం మీదికెక్కిన హక్కు ఆయన కొడుకు గద్దె మీద కూర్చున్నప్పుడూ ఉంటుంది.