మాట తెలిసిన టీచరమ్మ కావాలి

ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. అప్పటి నుంచి చర్చంతా రిజర్వేషన్ శాతాల చుట్టూ, ఉద్యోగాల చుట్టూ తిరుగుతోంది. ఒకటో తరగతిలో కూర్చున్న కోయ పిల్ల గురించి, సవర పిల్ల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అసలా జీవో పుట్టిందే వాళ్ల కోసం. మైదానం నుంచి పోస్టింగు పడ్డ మాస్టార్లు కొండెక్కడం లేదన్న ఫిర్యాదులు ముదిరాకే 2000 జనవరిలో ప్రభుత్వం దాన్ని తెచ్చింది. అందులో మూడో వంతు పోస్టులు ఆడవాళ్లకు కేటాయించారు. తీర్పుతో పోయినవాటిలో అదీ ఉంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల అక్షరాస్యత 59 శాతం. గిరిజన పురుషుల్లో 58 శాతం. గిరిజన స్త్రీలలో మాత్రం 40. రాష్ట్రంలోని ఆడవాళ్ల సగటునూ అందుకోలేదు, సొంత ఇంటి మగవాళ్లనూ అందుకోలేదు. గిరిజనురాలైనందుకు ఒక దెబ్బ, ఆడదైనందుకు ఇంకొకటి.

ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో తరగతి గదిలో చూడాలి. కోయ, గోండి, కొలామి తెలుగుకు చుట్టాలే. సవర అలా కాదు, అది ముండా కుటుంబపు భాష, తెలుగుతో పొంతనే ఉండదు. మాస్టారు చెట్టు బొమ్మ చూపించి ఇదేమిటని అడుగుతారు. ఆ చెట్టు కిందే ఆడుకుని వచ్చిన పిల్ల నోరు విప్పదు. నాలుగు రోజుల్లో మొద్దు అని పేరు పడుతుంది. ఎలాగో ఐదు దాటితే ఊరొదిలి ఆశ్రమ పాఠశాలకు వెళ్లాలి. అక్కడ రాత్రిపూట జ్వరమొస్తే, మొదటిసారి నెలసరి వస్తే, భయాన్ని తన మాటల్లో చెప్పుకోవడానికి ఒక ఆడమనిషి ఉండదు. సంక్రాంతి సెలవులకు వెళ్లిన పిల్ల ఇక తిరిగి రాదు. రిజిస్టరులో డ్రాపౌట్ అని రాస్తారు. వాళ్లకి చదువు విలువ తెలీదండీ అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

గిరిజనులకు గిరిజనులే ఎందుకు చదువు చెప్పాలి, వేరేవాళ్లు చెప్పలేరా అన్నది కోర్టు ప్రశ్న. అడగదగ్గ ప్రశ్నే. గిడుగు రామమూర్తి గిరిజనుడు కాదు. పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్లు పెట్టారు. ముందు తాను నేర్చుకుని, ఆ తర్వాత నేర్పారు. ఏజెన్సీకి వెళ్లే టీచరును, పిల్లల భాష వచ్చా అన్న ఆ ఒక్క సంగతీ మన డీఎస్సీ అడగదు. ఉర్దూ మీడియం బడికి ఉర్దూ వచ్చిన టీచరును, ఒరియా మీడియం బడికి ఒరియా వచ్చిన టీచరును వెతికి వేస్తాం. సవర పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరైనా సరిపోతారు.

భాషాపరమైన మైనారిటీల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందించడానికి ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రం 2004లో గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టింది కూడా. తెలుగు లిపిలో ఎనిమిది భాషలకు పుస్తకాలు తయారయ్యాయి. ఆ పనిని కొనసాగించాల్సినంత పట్టుదలతో కొనసాగించలేదు.

పోయిన హక్కును చట్టం ద్వారా తిరిగి తెచ్చుకోవాలన్న ఆదివాసీ సంఘాల కోరిక న్యాయమైనదే. అందాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. ఏజెన్సీలో సెకండరీ గ్రేడ్ టీచరు పోస్టుకు ఆ ప్రాంతపు గిరిజన భాష రావడం అర్హతగా పెట్టండి. ఆ భాష మాట్లాడేవాళ్ల చేతే పరీక్ష పెట్టించండి. ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలల్లో వార్డెన్లుగా ఆ భాష తెలిసిన స్త్రీలనే వేయండి. భాష అర్హత కులం చూడదు కాబట్టి, రిజర్వేషన్ పరిమితి దానికి అడ్డు రాకూడదు. వచ్చే డీఎస్సీ నోటిఫికేషన్‌లో ఈ షరతు చేర్చమని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖ మంత్రులను అడుగుతున్నాను.