ఆటలో కారు జారినదెందుకు?

పోయిన మాసం పటాన్‌చెరు నుంచి ఒక పాఠకుడు మాకు ఉత్తరం రాశాడు. అతడు ఏడవ తరగతి చదువుతున్నాడట. ఉత్తరంలో ఇలా ఉన్నది:

"మా అన్న కంప్యూటరులో కార్ల పందెం ఆట ఆడుతాడు. అందులో మూడు రకాల కార్లు ఉన్నాయి. మొదటి కారు మలుపులో తిరగమంటే తిరగక, తిన్నగా పోయి గోడకు కొట్టుకుంటుంది. రెండవది తిరగవలసిన దానికన్నా ఎక్కువ తిరిగి బొంగరమవుతుంది. మూడవది మరీ వింత. చిన్న మలుపులో మెల్లగా పోయినా జారుతుంది, పెద్ద మలుపులో ఎంత వేగంగా పోయినా జారదు! ఇదంతా నిజమా, లేక ఆట తయారుచేసినవారి చమత్కారమా? ఇంకొక మాట. వచ్చే ఏడు మా అన్నకు పద్ధెనిమిదేళ్లు నిండుతాయి. లైసెన్సు రాగానే ముత్తంగి దగ్గర రింగు రోడ్డు దిగే వంపులో, ఆటలో తిరిగినంత వేగంగానూ తిరుగుతానంటున్నాడు. మా అమ్మకు భయంగా ఉన్నది. మీరేమంటారు?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు కారులో లేదు, కారు కింద ఉన్నది. మీరు పటాన్‌చెరు నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద పడమరగా పోతే సంగారెడ్డి దాటిన తరువాత సదాశివపేట వస్తుంది. అక్కడ ఎమ్.ఆర్.ఎఫ్. వారి టైర్ల కర్మాగారం ఉన్నది. ఆ కంపెనీ 1946లో మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో పిల్లలు ఆడుకునే బుడగలు తయారుచేయడంతో మొదలైంది. బుడగలలాగానే టైరులో కూడా ఉన్నవి రబ్బరూ, గాలీ. కాని ఈ రబ్బరు చేసే పని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

కారు ఎంత పెద్దదైనా సరే, ఒక్కొక్క టైరులో నేలను తాకేది సుమారు మీ అరచేయంత భాగమే. నాలుగు టైర్లూ కలిసి నాలుగు అరచేతులు! కారు బయలుదేరినా, ఆగినా, తిరిగినా ఈ నాలుగు అరచేతులే నేలను పట్టుకుని ఆ పని చేయాలి. స్టీరింగు, బ్రేకు, ఇంజను అన్నీ ఈ అరచేతులకు ఆజ్ఞలిచ్చేవే. నేల మీద ఆ ఆజ్ఞను నెరవేర్చేది మాత్రం రబ్బరే.

ఈ పట్టు ఎంతైనా ఉంటుందా? ఉండదు. జాతరకు పోయేటప్పుడు నాన్న మీకు పది రూపాయలు ఇచ్చాడనుకోండి. ఆ పదే ఖర్చుపెట్టాలి. టైరు సంగతీ అంతే. దాని పట్టు పది రూపాయలనుకుందాం. బ్రేకు వేస్తే కొంత ఖర్చవుతుంది. మలుపు తిరిగితే కొంత ఖర్చవుతుంది. వేగం పెంచినా ఖర్చే.

అయితే ఈ సంచిలో ఒక తమాషా ఉన్నది. బ్రేకుకు ఆరు రూపాయలు ఖర్చుచేస్తే మలుపుకు మిగిలేది నాలుగు కాదు, ఎనిమిది! ఎందుకంటే బ్రేకు బలం వెనక్కు లాగుతుంది, మలుపు బలం పక్కకు లాగుతుంది. ఈ రెండు బలాలూ ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయి గనుక లంబకోణ త్రిభుజం లెక్క వర్తిస్తుంది. ఆరు ఆర్లు ముప్పయ్యారు, ఎనిమిది ఎనిమిదులు అరవైనాలుగు, రెండూ కలిస్తే నూరు. పది పదులు నూరు. సరిపోయిందా? కాని పది రూపాయలూ బ్రేకుకే ఖర్చుచేస్తే మలుపుకు మిగిలేది సున్న. అప్పుడు స్టీరింగు ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది.

ఇక మన ఉత్తరంలోని కార్లను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది ముందు చక్రాలతో లాగే కారు. మన వీధులలో తిరిగే చిన్న కార్లు చాలావరకు ఈ రకమే. వీటిలో ఇంజను ముందే, లాగేది ముందు చక్రాలే, తిరిగేదీ ముందు చక్రాలే. పాపం, పని అంతా ముందు టైర్ల మీదనే పడుతుంది. మలుపులో వేగం పెంచితే వాటి సంచి ఖాళీ అవుతుంది. ముందు టైర్లు జారి, కారు ముక్కు మలుపు వెలుపలికి పోతుంది. దీనినే అండర్‌స్టీర్ అంటారు.

రెండవది వెనక చక్రాలు తోసే కారు. ఇందులో ముందు టైర్లు తిరిగే పని చూసుకుంటాయి, వెనక టైర్లు తోసే పని చూసుకుంటాయి. పని పంచుకున్నారు, బాగానే ఉన్నది. కాని మలుపు మధ్యలో ఇంజనుకు ఒక్కసారిగా బలం ఇస్తే వెనక టైర్ల సంచి ఖాళీ అవుతుంది. అప్పుడు తోక పక్కకు జారి కారు బొంగరమవుతుంది. దీనిని ఓవర్‌స్టీర్ అంటారు.

పందెపు కార్లు చాలావరకు ఈ రెండవ రకానివే. వాటి ఇంజను ముందూ కాక, చివరా కాక, డ్రైవరుకు వెనుక, కారు నడుమ ఉంటుంది. ఎందుకు? కావడి మోసేవాణ్ణి చూడండి. రెండు కొసలా కుండలుంటే అతడు గిర్రున తిరగలేడు. తిరగడం మొదలుపెడితే వెంటనే ఆగనూ లేడు. అవే కుండలను భుజం దగ్గరకు జరిపితే చులాగ్గా తిరుగుతాడు. బరువు నడుమ ఉన్న కారు కూడా అంతే చులాగ్గా తిరుగుతుంది. అంతే చులాగ్గా బొంగరమూ అవుతుంది! అందుకే ఆటలో దానిని అదుపు చేయడానికి నేర్పు కావాలి.

పందెపు కారు నేలబారుగా ఉండడానికి కూడా కారణమున్నది. వస్తువు బరువంతా ఒకచోట కేంద్రీకరించినట్టు ఉండే స్థానాన్ని గరిమనాభి అంటారు. జహీరాబాదు వైపు నుంచి చెరకు వేసుకుని వచ్చే లారీకి ఈ గరిమనాభి చాలా ఎత్తున ఉంటుంది. అది మలుపులో వేగంగా పోతే టైర్లు జారకముందే లారీ ఒరిగిపోవచ్చు. పందెపు కారుకు గరిమనాభి నేలకు దగ్గరగా ఉంటుంది గనుక అది ఒరగదు, జారుతుంది.

మూడవది రెక్కలున్న ఫార్ములా కారు. విమానం రెక్క గాలి వల్ల పైకి లేస్తుంది గదా! ఈ కారుకు అటువంటి రెక్కనే తలకిందులుగా బిగిస్తారు. అప్పుడు గాలి కారును నేలకు అదిమిపెడుతుంది. అదిమిన కొద్దీ టైరు పట్టు పెరుగుతుంది. వేగం రెండింతలైతే ఈ అదుము నాలుగింతలవుతుంది. ఫార్ములా-1 కారు మంచి వేగంలో ఉన్నప్పుడు గాలి అదుము కారు బరువును మించిపోతుంది. పెద్ద మలుపులో వేగంగా పోతుంది గనుక గాలి సాయం దొరుకుతుంది. చిన్న మలుపులో మెల్లగా పోవాలి, గాలి సాయం ఉండదు, ఉన్న రబ్బరే దిక్కు. మన పాఠకుడు చూసిన వింతకు కారణం ఇదే. ఆట అబద్ధం చెప్పలేదు.

ఆటకు ఇదంతా ఎలా తెలుసు? ఆట లోపల కారు లేదు, లెక్క ఉన్నది. ఒక్కొక్క టైరు మీద ఎంత బరువు పడుతున్నది, ఎంత జారుతున్నది, అందువల్ల ఎంత పట్టు దొరుకుతున్నది అని కంప్యూటరు విడువకుండా లెక్క కడుతూ ఉంటుంది. ఐరేసింగ్ అనే ఆటలో ఈ లెక్క సెకనుకు 360 సార్లు జరుగుతుంది. టైరు పట్టును లెక్కకట్టే సూత్రాలలో పేరుపొందినది హాలండు దేశపు శాస్త్రజ్ఞుడు హాన్స్ పసేకా, 1980ల తరువాతి భాగంలో తన సహచరులతో కలిసి రూపొందించినది. దానికి 'మాంత్రిక సూత్రం' అని పేరు. టైరు కొద్దిగా జారేటప్పుడు పట్టు పెరుగుతూ పోయి, ఒక హద్దు దాటగానే తగ్గిపోతుందని ఆ సూత్రం గీసే గీత చూపుతుంది. జారడం మొదలైన కారును మళ్లీ దారికి తేవడం కష్టమయ్యేది అందుకే.

నిజమైన పందెగాళ్లు కూడా ఇటువంటి లెక్కల మీద ఆధారపడతారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున ఫార్ములా-ఇ పందెం జరిగింది. అవి విద్యుత్తుతో నడిచే కార్లు. బాట పొడవు సుమారు 2.83 కిలోమీటర్లు, మలుపులు 18. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. జహీరాబాదులో ట్రాక్టర్లు తయారుచేసే మహీంద్రా వారికి కూడా ఈ పందాలలో 2014 నుంచి జట్టు ఉన్నది. (2024లో జరగవలసిన హైదరాబాదు పందెం మాత్రం రద్దయింది.) ఆ బాట మీద ఫార్ములా-ఇ కార్లు అంతకుముందు పరుగెత్తలేదు. ఇటువంటి కొత్త బాటలకు జట్లవారు ముందుగా సిమ్యులేటరు అనే యంత్రంలో అభ్యాసం చేస్తారు. అది మన అన్న ఆడే ఆటకు పెద్దన్న వంటిది.

కాని ఒక సంగతి గమనించండి. యంత్రంలో ఎంత సాధన చేసినా, పందెపు ఊరికి చేరగానే డ్రైవర్లు బాటంతా కాలినడకన తిరిగి చూస్తారు. ఎక్కడ గుంట ఉన్నది, ఎక్కడ దుమ్ము పేరుకున్నది, ఎక్కడ కొత్త తారు పోశారు అని కళ్లారా చూసుకుంటారు. ఎందుకంటే లెక్క టైరును గురించి నిజమే చెప్పవచ్చు గాని, ఇవాళ్టి రోడ్డును గురించి దానికి తెలియదు.

ఇప్పుడు అన్నగారి వంపు సంగతికి వద్దాం. 50 మీటర్ల వ్యాసార్థం గల ఒక వంపు ఉన్నదనుకోండి. టైరు పట్టును ఒక అంకెతో చెబుతారు. పందెపు టైరు మెత్తగా, వేడిగా ఉన్నప్పుడు ఆ అంకె 1.5 అనుకుందాం. మామూలు టైరు పొడి రోడ్డు మీద 0.8, తడి రోడ్డు మీద 0.4 అనుకుందాం. పట్టు అంకెను భూమి ఆకర్షణతో, అంటే 9.8తో గుణించి, దానిని వ్యాసార్థంతో గుణించి వర్గమూలం కడితే, జారకుండా పోగల వేగం సెకనుకు ఇన్ని మీటర్లని వస్తుంది.

పందెపు టైరుకు ఇది గంటకు సుమారు 98 కిలోమీటర్లు. మామూలు టైరుకు పొడి రోడ్డు మీద 71. వాన పడితే 50 మాత్రమే.

ఆటలో 98తో తిరిగిన చెయ్యి, వాన పడిన రోజున మామూలు కారులో కూడా 98తోనే తిరగబోతే ఏమవుతుంది? వేగం రెండింతలైతే కావలసిన పట్టు నాలుగింతలు. సంచిలో పది రూపాయలు పెట్టుకుని నలభై రూపాయల బేరం చేసినట్టే. పైగా రోడ్డు మీద లారీ నుంచి కారిన నూనె ఉండవచ్చు, కంకర ఉండవచ్చు, గేదె అడ్డురావచ్చు. ఆటలో గోడకు కొట్టుకుంటే ఒక మీట నొక్కితే కారు మళ్లీ కొత్తదవుతుంది. రోడ్డు మీద అటువంటి మీట లేదు.

సంగారెడ్డి దగ్గర కంది గ్రామంలో ఉన్న హైదరాబాదు ఐ.ఐ.టి.లో, తమంత తామే నడిచే బండ్లను పరీక్షించడానికి 2022లో టిహాన్ అనే మైదానాన్ని ప్రారంభించారు. చక్రం తిప్పే మనిషి లేని బండిని ఎవరూ తిన్నగా రహదారి మీదకు వదలరు. ముందు లెక్క, తరువాత ఆవరణలో పరీక్ష, ఆ తరువాతనే రోడ్డు. ఇంజనీర్లే ఇంత జాగ్రత్త పడుతుంటే, మన అన్న నడుమ మెట్టును ఎగరగొట్టవచ్చునా?

ఈ మాట నమ్మించడానికి ఒక ప్రయోగం. సులభంగా దొర్లే చిన్న బొమ్మకారు తీసుకోండి. ఒక పలకను వాలుగా పెట్టండి. ముందు చక్రాలు రెండూ తిరగకుండా కాగితపు టేపు అంటించి, కారును ముక్కు కిందికి ఉంచి వదలండి. అది తిన్నగా జారుతుంది. ఇప్పుడు టేపు తీసి వెనక చక్రాలకు అంటించి వదలండి. కారు గిర్రున తిరిగి, వెనక భాగం ముందుగా దిగుతుంది! తిరిగే చక్రం పక్కలకు పట్టు నిలుపుకుంటుంది, బిగుసుకున్న చక్రం పట్టు కోల్పోతుంది. కార్లు తయారుచేసేవారు వెనక చక్రాలు ముందుగా బిగుసుకోకుండా బ్రేకులను సవరించేది ఇందుకే.

పటాన్‌చెరు అబ్బాయీ! ఈ ప్రయోగం మీ అమ్మగారి ఎదుట, మీ అన్న చేతనే చేయించు. ఆట మంచిదే, అందులోని లెక్క కూడా నిజమైనదే. ఆ ఆట మీ అన్నకు నేర్పవలసిన మొదటి పాఠం మాత్రం వేగం కాదు, సంచిలో ఎంత ఉన్నదో ముందుగా చూసుకోవడం. ఆ తరువాత మీ అన్న ఏమన్నాడో మాకు తప్పక రాయి.