స్విచ్ ఆపితే కరెంటు పోతుందనే నమ్మకం

దసరాకి మా మిత్రుడొకాయన తన హామ్ రేడియో గదిలో యాంప్లిఫయరుకి బొట్టు పెట్టి, పైన నిమ్మకాయ ఉంచాడు. నేను ఊరుకుంటానా? "నిమ్మకాయకి వోల్టేజి తెలుసా?" అని వెక్కిరించాను. నెల తిరక్కుండా అదే పెట్టె ముందు నాకు బుద్ధొచ్చింది.

అది ఆయన సొంతంగా కట్టుకున్నది. 3-500జెడ్ వాల్వు, ప్లేటుకి 3,000 వోల్టులు. ట్యూన్, లోడ్ నాబ్‌లు తిప్పడంలో భయమేమీ లేదు. తక్కువ డ్రైవుతో మొదలుపెట్టి, గ్రిడ్ కరెంటు హద్దు దాటకుండా, అవుట్‌పుట్ ఎక్కువ వచ్చేచోట నిలిపితే చాలు. కానీ ఆ రోజు ఒక బ్యాండులో నాబ్‌లతో పని కాలేదు. లోపల కాయిల్ మీద ట్యాప్ జరపాలి. అంటే మూత తీయాలి.

"ఆపేశాను, ప్లగ్గూ పీకేశాను, అయిదు నిమిషాలైంది" అన్నాడాయన. మీటరు ముల్లు సున్నా మీద ఉంది. చెయ్యి పెట్టబోయి, పాత అలవాటుకొద్దీ ముందు కర్ర ఆనించాను. హాములు దీన్ని చికెన్ స్టిక్ అంటారు, పిరికివాడి కర్రన్నమాట. కరెంటు పారని పిడి, కొసన లోహపు కొక్కెం, దాన్నుంచి ఛాసిస్‌కి బిగించిన తీగ.

ఢామ్మని పేలింది. గదంతా తెల్లటి వెలుగు.

విప్పి చూస్తే లెక్క తేలింది. ఫిల్టరు కెపాసిటరు 30 మైక్రోఫారడ్లు. 3,000 వోల్టుల దగ్గర అందులో ఉండే శక్తి 135 జౌల్స్. గుండె లయ తప్పినవాళ్ళకి డీఫిబ్రిలేటరుతో ఇచ్చేది సాధారణంగా 120 నుంచి 200. దాన్ని ఖాళీ చెయ్యడానికే పక్కన లక్ష ఓంల బ్లీడర్ రెసిస్టరు ఉంటుంది. అది బాగుంటే 15 సెకన్లలో 20 వోల్టులకి దించేస్తుంది. మావాడిది లోపల తెగిపోయి ఉంది, బయటికి మాత్రం నిక్షేపంలా కనిపిస్తోంది. మరి మీటరు? దాని స్విచ్చి గ్రిడ్ కరెంటు వైపు తిప్పి ఉంది. మేం అడగని ప్రశ్నకి అది నిజాయితీగా సున్నా అని జవాబిచ్చింది!

"ముప్ఫయ్యేళ్ళుగా ఆపి, చెయ్యి పెడుతున్నా, ఏమీ కాలేదు" అనే పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. అయినవాళ్ళు వచ్చి చెప్పలేరు కదా. మొక్కు తీరినవాళ్ళ కథలే మనకి వినబడే తీరు ఇది. ఆ రోజు ఆ సున్నాని నమ్మింది నిమ్మకాయ పెట్టినవాడొక్కడే కాదు, నేనూ నమ్మాను. నన్ను కాపాడింది నా హేతువాదం కాదు, అలవాటు. చెప్పుకోడానికి సిగ్గే.

ఇప్పుడు కర్రతో రెండుసార్లు ఆనించి, ఆపైన షార్టింగ్ తీగ తగిలించి అలాగే ఉంచి పని చేస్తాం, ఎందుకంటే ఖాళీ చేసిన కెపాసిటరులో కొంత వోల్టేజి మళ్ళీ పుడుతుంది. ఒక చెయ్యి జేబులో. గదిలో రెండో మనిషి.

బ్లీడర్లు ఒకటి కాదు, రెండు వేశాడు మావాడు. మొన్న దసరాకి కర్రకీ బొట్టు పెట్టాడు. నేనేమీ అనలేదు.