వెనుక వైపు రాసి ఉన్న మాట



ఈదుల్ ఫిత్ర్ మరునాడు మా చెల్లెలి కుమారుడు మా ఇంటికి వచ్చాడు. అతడు అమెరికాలోని కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. షీర్ ఖుర్మా తాగి, పెద్దల క్షేమం విచారించి, మెత్తని గుడ్డలో చుట్టిన ఒక పెట్టెను సంచిలో నుండి తీశాడు. అందులో ఐదు ఫోన్లు ఉన్నాయి. నా కంటికి అవి అన్ని ఫోన్ల వంటివే. వాటిలో రెండింటికి తెర కూడా వెలగడం లేదు.

"మామూ, ఇవి ఏ దుకాణంలోనూ దొరకవు. ఫోను మార్కెట్లోకి రాక ముందు కంపెనీ తన పరీక్షల కోసం చేసుకున్న నమూనాలు. ఇంటర్నెట్ వేలంలో పాట పాడి కొన్నాను" అన్నాడు.

అన్నిటికంటే విలువైనదంటూ ఒకదానిని నా చేతిలో పెట్టాడు. దాని వెనుక ఒక బార్‌కోడ్ చీటీ, దాని కింద చిన్న ఆంగ్ల అక్షరాలు ఉన్నాయి. కళ్లజోడు పెట్టుకుని చదివాను. అమ్మకానికి కాదు అని రాసి ఉంది.

"బేటా, అమ్మకానికి కాదని రాసి ఉంది కదా, మరి నీవెలా కొన్నావు?" అని అడిగాను.

అతడు నవ్వాడు. ఆ తరువాత అసలు సంగతి చెప్పాడు. ఆ ఫోనును మంచి ధరకు అమ్మి, మా మదరసా వెనుక గదికి కొత్త పైకప్పు వేయించాలన్నది అతడి సంకల్పం. ఆ గది రేకులు రెండేళ్లుగా కారుతున్నాయి. వాన వచ్చినప్పుడల్లా పిల్లలు చాపలు చుట్టుకుని వరండాలోకి వస్తారు. నా చెల్లెలు సంతోషంతో నా వైపు చూసింది. నాకు మాత్రం ఆ అక్షరాలే కళ్ల ముందు నిలిచాయి. ఈ నెల ఈ శీర్షికలో ఆ సాయంత్రం మా మధ్య జరిగిన సంభాషణనే మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా నేను అతడి దగ్గర నేర్చుకున్నది చెబుతాను. ఒక ఫోను మన చేతికి వచ్చే లోపు అనేక దశలు దాటుతుంది. మొదట లోపలి యంత్రాంగం పనిచేస్తున్నదా అని, తరువాత ఆకృతి సరిగా ఉన్నదా అని, చివరకు కర్మాగారంలో పెద్ద ఎత్తున తయారు చేయగలమా అని పరీక్షిస్తారు. ప్రతి దశలోనూ కొన్ని నమూనాలు తయారవుతాయి. 2007 జూన్ 29న తొలి ఐఫోన్ అమ్మకానికి వచ్చింది. కంపెనీ లోపల దానికి ఎం68 అని రహస్య నామం ఉండేది. దాని తొలి నమూనాలలో ఒకదానిని 2019లో ద వెర్జ్ అనే పత్రిక లోకానికి చూపింది. అది ఫోను ఆకారంలోనే లేదు. బల్లమీద కంప్యూటరులో ఉండేటంత పెద్ద ఎర్రని పలక మీద భాగాలన్నీ పరచి ఉన్నాయి. దానిపై పనిచేసిన ఇంజనీర్లలో కొందరికి తాము తయారుచేస్తున్న ఫోను ఎలా ఉంటుందో తెలియకూడదని కంపెనీ అలా చేసిందట!

పుట్టక ముందే ఆగిపోయిన ఫోన్లు కూడా ఉన్నాయి. భాగాలను విడివిడిగా మార్చుకోగల ఫోనును చేయాలని గూగుల్ ఆరా అనే పథకం చేపట్టి, 2016లో విరమించుకుంది. చాపలా చుట్టుకునే తెర గల ఫోనును ఎల్జీ సంస్థ 2021 జనవరిలో ప్రదర్శించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారం నుండే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ ఫోను దుకాణాలకు రాలేదు. ఇటువంటి వాటి నమూనా ఒకటి బయటపడితే సేకరించేవారికి అది నిధితో సమానం.

ధరల సంగతి వింటే ఆశ్చర్యం కలుగుతుంది. 2007లో 499 డాలర్లకు అమ్మిన నాలుగు జీబీల తొలి ఐఫోన్ ఒకటి, సీలు విప్పని పెట్టెతో, 2023 జులైలో అమెరికాలో జరిగిన వేలంలో 1,90,372 డాలర్లు పలికింది. అది నమూనా కూడా కాదు. ఆ రకాన్ని కొద్ది నెలలకే ఆపివేయడం వల్ల అరుదైనదైంది. సీలు విప్పని పెట్టెకే అంత ధర పలికితే, అసలు అమ్మకానికే పెట్టని వస్తువు కోసం జనం ఎంత ఆరాటపడతారో ఊహించండి.

ఇక ధర్మం సంగతి. వేలం పాట తనంతట తాను నిషిద్ధం కాదు. సహాయం కోరి వచ్చిన ఒక అన్సారీ ఇంట్లో ఉన్న దుప్పటినీ, నీళ్లు తాగే పాత్రనూ దైవప్రవక్త (స) స్వయంగా వేలం వేసి రెండు దిర్హములకు అమ్మిన వృత్తాంతం హదీసు గ్రంథాలలో ప్రసిద్ధం. ఆ సొమ్ములో సగంతో కుటుంబానికి ఆహారం, మిగతా సగంతో గొడ్డలి కొనిపించి అతడికి కట్టెలు కొట్టే జీవనోపాధి చూపారు. అయితే కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికే పాడే ఉత్తుత్తి పాటను ఆయన నిషేధించారు. దానినే నజష్ అంటాం. ఇంటర్నెట్ వేలంలో పాడేవాడి ముఖం కనబడదు. అమ్మేవాడే మరొక పేరుతో పాడవచ్చు, అతడి మిత్రుడు పాడవచ్చు. సరుకులోని లోపాన్ని దాచడమూ నిషిద్ధమే. మామూలు ఫోనుకు చీటీ అంటించి నమూనా అని అమ్మడం, బ్యాటరీ ఉబ్బిన సంగతి ఫోటోలో కనబడకుండా చూపడం దాని కిందికే వస్తాయి.

అయితే మా మేనల్లుడి ఫోను విషయంలో ప్రశ్న వీటన్నిటికంటే ముందుది. ఆ వస్తువు ఎవరిది?

ఒక ఉదాహరణ చూడండి. 2010 మార్చిలో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో ఆపిల్ ఉద్యోగి ఒకరు ఒక బారులో ఫోను మరచిపోయారు. అది ఇంకా విడుదల కాని ఐఫోన్ 4 నమూనా. పాత ఫోనులా కనబడే తొడుగు వేసి ఉంది. అది దొరికిన వ్యక్తి వర్గాన్ని గిజ్మోడో అనే సాంకేతిక వార్తా సంస్థ 5,000 డాలర్లిచ్చి కొని, ఏప్రిల్ 19న చిత్రాలు ప్రచురించింది. కంపెనీకి ఫోను చేసినా ఎవరూ పట్టించుకోలేదన్నది దొరికిన వ్యక్తి తరఫు వాదన. కంపెనీ లిఖితపూర్వకంగా అడిగిన తరువాత ఫోను తిరిగి దాని చేతికి వెళ్లింది. అమ్మకంలో పాలుపంచుకున్న ఇద్దరికి 2011లో న్యాయస్థానం ఏడాది ప్రొబేషన్, 40 గంటల సమాజ సేవ, చెరి 250 డాలర్ల చెల్లింపు విధించింది. యజమాని ఎవరో తెలుసుకునే వీలుండి కూడా, దొరికిన సొత్తును సొంతం చేసుకుంటే అది దొంగతనమేనని ఆ రాష్ట్ర చట్టం చెబుతుంది.

మన ఫిఖ్హ్ విద్యార్థులు లుఖతా అధ్యాయంలో చదివేది కూడా ఇదే కదా! దొరికిన సంచినీ, దాని మూతి కట్టిన తాడునూ గుర్తుపెట్టుకుని ఏడాదిపాటు ప్రకటించాలనీ, యజమాని వస్తే అప్పగించాలనీ బోధన. దొరికినంత మాత్రాన వస్తువు మనది కాదు.

కర్మాగారాల నుండి బయటికి వచ్చే నమూనాల సంగతి మరీ గంభీరమైనది. కొన్ని నమూనాలలో భద్రతా తాళాలు పూర్తిగా బిగించి ఉండవు. అటువంటి ఐఫోన్లు చైనాలోని కర్మాగారాల నుండి దొంగచాటుగా బయటపడి వేల డాలర్లకు చేతులు మారుతున్నాయనీ, ఫోన్ల లోపలి రహస్యాలను ఛేదించేవారికి ఉపయోగపడుతున్నాయనీ 2019లో మదర్‌బోర్డ్ పత్రిక వివరంగా రాసింది. ధ్వంసం చేయమని అప్పగించిన దానిని అమ్ముకున్న కార్మికుడు అమానత్‌లో ద్రోహం చేసినవాడు. ఆ సరుకు పది చేతులు మారినా యజమాని హక్కు చెరిగిపోదు. చివరి కొనుగోలుదారు చెల్లించిన ధర ఎంత ఎక్కువైనా ఆ ద్రోహం శుద్ధి కాదు.

అలాగని నమూనాలన్నీ దొంగ సొత్తు అనడం అన్యాయం. 2012లో బ్లాక్‌బెర్రీ ఫోన్లు చేసే సంస్థ డెవ్ ఆల్ఫా అనే నమూనాను బహిరంగ సభలోనే ప్రోగ్రాములు రాసేవారికి ఇచ్చింది. ఆపిల్ కూడా భద్రతా పరిశోధకులకు ప్రత్యేక ఫోన్లు ఇస్తుంది. అయితే అవి అరువు మాత్రమేననీ, యాజమాన్యం తనదేననీ ముందే చెబుతుంది. ఇచ్చినది హిబానా, ఆరియతా, అంటే దానమా, అరువా అన్నది ఇచ్చినవాడి షరతును బట్టి తేలుతుంది. యజమాని స్వయంగా అమ్మినా, ఇచ్చినా, ఇక నాకు అక్కరలేదని వదులుకున్నా అభ్యంతరం లేదు.

ఇక్కడ మా మేనల్లుడు ఒక మాట అన్నాడు. అది తేలికగా తీసివేయదగినది కాదు. "మామూ, మాలాంటి వారు కొనకపోతే ఇవన్నీ యంత్రంలో పడి పిండి అవుతాయి. మనుషులు ఎలా ఆలోచించారో, ఎక్కడ తప్పటడుగు వేశారో రేపటి వారికి ఎలా తెలుస్తుంది? కంపెనీకి పోయేదేముంది?"

చరిత్రను కాపాడాలన్న ఆశ మంచిదే. దానికి ధర్మబద్ధమైన మార్గమూ ఉంది. ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం నోకియా రూపకల్పన భాండాగారాన్ని హక్కుదారుల నుండే స్వీకరించి, 2025 జనవరిలో అందరికీ తెరిచింది. విడుదల కాని ఫోన్ల ఊహాచిత్రాలను ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు.

ఆపై నా సొంత కథ ఒకటి అతడికి చెప్పాను. మీకూ చెబుతాను. యువకుడిగా ఉన్నప్పుడు హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం నాడు కాలిబాట మీద పరిచే పాత పుస్తకాలలో అరబీ వ్యాకరణ వ్యాఖ్యానం ఒకటి దొరికింది. శిలాముద్రణ ప్రతి. ముప్పై రూపాయలకు కొన్నాను. మొదటి పుటలో ఒక గ్రంథాలయం ముద్ర ఉంది. ముద్ర చూశాను, చూడనట్టు పుట తిప్పాను. తొమ్మిదేళ్లు దానితోనే పాఠం చెప్పాను. ఒకనాడు పదేళ్ల విద్యార్థి ఆ ముద్ర మీద వేలు పెట్టి, "ఉస్తాద్, ఇది ఎవరిది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మరుసటి వారం పుస్తకం పట్టుకుని ఆ గ్రంథాలయానికి వెళ్లాను. గుమాస్తా పాత రిజిస్టరు వెతికి చూశాడు. ఎవరో తీసుకువెళ్లి తిరిగి ఇవ్వలేదని అందులో ఉంది. అతడు పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టాడు. మెచ్చుకోలేదు, మందలించనూ లేదు. తిరుగు ప్రయాణంలో నాకు బాధ కలిగింది. ఆ సంగతి దాచను. ఆ ప్రతి వంటిది మళ్లీ నా కంటపడలేదు.

మా మేనల్లుడు కొంతసేపు మౌనంగా ఉన్నాడు. తరువాత ఇద్దరం కూర్చుని ఐదు ఫోన్ల లెక్క చూశాం. రెండింటికి కాగితాలున్నాయి. మూతపడిన ఒక చిన్న సంస్థ తన సామాను తానే వేలం వేసినప్పుడు కొన్నవి. మరి రెండు ఎక్కడి నుండి వచ్చాయో అతడు అడగలేదు, అమ్మినవాడు చెప్పలేదు. ఐదవదాని విషయంలో అమ్మినవాడు పంపిన సందేశం ఇంకా అతడి ఫోనులోనే ఉంది. కర్మాగారంలో పనిచేసే పరిచయస్థుడి ద్వారా వచ్చిందని అందులో స్పష్టంగా ఉంది. దాని కోసం మా వాడు రెండు నెలల జీతం పెట్టాడు. పైకప్పు కోసం అమ్ముతానన్నదీ దానినే.

ఆ సొమ్ము మదరసాకు వద్దని చెప్పాను. చెల్లెలి ముఖం చిన్నబోయింది. "వానాకాలం దగ్గర పడుతోంది భాయిజాన్" అని మాత్రం అన్నది. అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైన దానినే స్వీకరిస్తాడు. ఆయన వాక్కును పిల్లలు వల్లించే గదికి అనుమానపు సొమ్ముతో కప్పు వేయడానికి నా మనస్సు ఒప్పలేదు. నేను ముఫ్తీని కాను. అందుకే మిగతా రెండింటి గురించి తన నగరంలోని ముఫ్తీ సాహెబును అడగమని, ఐదవదానిని అమ్మవద్దని, యజమానికి తెలియజేయమని సలహా ఇచ్చాను.

మన ఇళ్లలో నమూనా ఫోన్లు కొనేవారు ఉండకపోవచ్చు. కానీ సగం ధరకు, బిల్లు లేకుండా, పెట్టె లేకుండా దొరికే ఫోను మనకు కొత్త కాదు. ఎక్కడిదని అడిగితే బేరం చెడుతుందని అడగం. ఇకపై కొనే ముందు ఆ ఫోనులో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కండి. పదిహేను అంకెల ఐఎంఈఐ సంఖ్య కనబడుతుంది. కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ సంఖ్యను సరిచూసుకునే ఏర్పాటు ఉంది. ఆ సంఖ్యను మార్చడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, యాభై లక్షల రూపాయల వరకు జరిమానా పడగల నేరం. చట్టం సంగతి అటుంచి, ఏడుస్తూ తన ఫోను వెతుక్కుంటున్న ఒక విద్యార్థినినో, ఒక కూలీనో ఒక్కసారి తలచుకోండి.

మా వాడు అమెరికా చేరిన తరువాత కంపెనీకి లేఖ రాశాడు. ఇది రాస్తున్న నాటికి జవాబు రాలేదు. ఫోను పెట్టెలోనే ఉంది. అది ఇప్పుడు నా దగ్గర అమానత్ మాత్రమే మామూ, అన్నాడు. గత వారం తన జీతంలో నుండి కొంత పంపాడు. కొత్త రేకులకు అది చాలలేదు, మంచి టార్పాలిన్‌కు సరిపోయింది. మొన్న రాత్రి వాన కురిసింది. ఒక మూల ఇంకా కారుతూనే ఉంది. పిల్లలు చాపలు కొంచెం జరుపుకుని అక్కడే కూర్చుని పాఠం చదివారు.

మన సంపాదనను, మన కొనుగోళ్లను, మన దానాలను అల్లాహ్ పరిశుద్ధం చేయుగాక! ఆమీన్.