నాలుగు ఫోన్ల ఇంటికి రీఛార్జ్‌కే నెలకు రూ.1,200.. తాండూరు, వికారాబాద్‌ జనానికి వేరే దారి ఉందా?

ఇంట్లో నలుగురు ఉంటే నాలుగు ఫోన్లు. ఫోన్‌కు ఒక సిమ్ అనుకున్నా 28 రోజులకోసారి నాలుగు రీఛార్జ్‌లు తప్పవు. కరెంట్ బిల్లు, గ్యాస్ బండ లెక్కలో ఇప్పుడు ఫోన్ ఖర్చు కూడా చేరిపోయింది. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ కూలీ అయినా, వికారాబాద్ నుంచి రోజూ రైలెక్కి హైదరాబాద్ వెళ్లే ఉద్యోగి అయినా ఈ ఖర్చు తప్పించుకునే వీల్లేదు. మరి రేట్లు ఎందుకు దిగిరావడం లేదు? నెట్‌వర్క్ మారితే లాభం ఉంటుందా?

లెక్క ఎక్కడ మారింది?

2024 జులై మొదటి వారంలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా ఒకదాని వెంట ఒకటి రేట్లు పెంచేశాయి. జియోలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాక్ రూ.239 నుంచి రూ.299కి చేరింది. ఎయిర్‌టెల్‌లో 28 రోజుల కనీస ప్యాక్ రూ.179 నుంచి రూ.199 అయింది.

ఇక్కడే ఓ చిన్న మతలబు ఉంది. నెలకోసారి అనుకుంటాం గానీ, 28 రోజుల ప్యాక్ అంటే ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జ్‌లు. రూ.299 చొప్పున 13 సార్లు వేస్తే రూ.3,887. పాత రేటులో ఇది రూ.3,107. అంటే ఒక్కో ఫోన్‌పై ఏడాదికి రూ.780 అదనం. నాలుగు ఫోన్లుంటే రూ.3,120. చిన్న కుటుంబానికి ఇదేం తక్కువ మొత్తం కాదు.

2025 ఆగస్టులో మరో మార్పు జరిగింది. ఈసారి రేటు పెంచలేదు, చవక ప్యాక్‌నే తీసేశారు. రోజుకు 1 జీబీ ఇచ్చే రూ.249 ప్యాక్‌ను జియో ఆపేసింది. ఎయిర్‌టెల్‌ కూడా అదే బాట పట్టింది. పెంపు అన్న మాట వినపడలేదు గానీ, జేబు మీద పడిన భారం మాత్రం అదే.

ఎనిమిది కంపెనీలు ఏమయ్యాయి?

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చే నాటికి సిమ్ కార్డుల దుకాణంలో బోలెడు పేర్లు. ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా, ఎయిర్‌సెల్, రిలయన్స్, టాటా డొకొమో, టెలినార్, బీఎస్ఎన్ఎల్.. రెండేళ్లు తిరగకుండానే సగం పేర్లు మాయం. వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టులో ఒక్కటయ్యాయి. 2019 అక్టోబర్‌లో ఏజీఆర్ బకాయిలపై సుప్రీంకోర్టు తీర్పు రావడంతో ఆ కంపెనీ నడుం విరిగింది.

ఇప్పుడు దేశంలో ప్రతి నలుగురు మొబైల్ కస్టమర్లలో దాదాపు ముగ్గురు జియో లేదా ఎయిర్‌టెల్ వాళ్లే. ఒక్కో కస్టమర్ నుంచి నెలకు వచ్చే సగటు ఆదాయం 2024 ఏప్రిల్-జూన్‌లో ఎయిర్‌టెల్‌కు రూ.211 ఉంటే, ఏడాది తిరిగేసరికి రూ.250కి చేరింది. జియోకు రూ.182 నుంచి రూ.209 వరకు వచ్చింది. ఈ సగటు రూ.300 ఉండాలని ఎయిర్‌టెల్ చాలాకాలంగా చెబుతూనే ఉంది. అంటే పెంపు ఇక్కడితో ఆగుతుందన్న భరోసా లేదు.

కంపెనీల వాదన కూడా వినాలి. 5జీ టవర్లకు, స్పెక్ట్రమ్‌కు వేల కోట్లు పెట్టాం, అవి తిరిగి రావాలంటే రేట్లు పెరగాల్సిందే అన్నది వాళ్ల మాట. అందులో నిజం లేకపోలేదు. అయితే పోటీ గట్టిగా ఉన్నప్పుడు ఆ భారం మొత్తం కస్టమర్ మీదకు నెట్టడం కుదరదు. ఇక్కడ కుదురుతోంది.

నైజీరియాలో ఒకలా.. ఇక్కడ ఒకలా

ఎయిర్‌టెల్ 2010లో జైన్ కంపెనీ ఆస్తులు కొని ఆఫ్రికాలో అడుగుపెట్టింది. ఇప్పుడు అక్కడ 14 దేశాల్లో ఉంది. వాటిలో పెద్దది నైజీరియా. అక్కడ కూడా ఎంటీఎన్, ఎయిర్‌టెల్‌లదే పెద్ద వాటా. రేట్లు పెంచాలంటే అక్కడి నియంత్రణ సంస్థ అనుమతి తప్పనిసరి. ఏళ్ల తరబడి ఆగాక, 2025 జనవరిలో గరిష్ఠంగా 50 శాతం పెంపుకు ఆ సంస్థ ఓకే చెప్పింది. కార్మిక సంఘాలు రోడ్డెక్కుతామని హెచ్చరించాయి.

మన దగ్గర అలా కాదు. రేటు ఎంతన్నది కంపెనీల ఇష్టం. ప్యాక్ తెచ్చిన ఏడు పనిదినాల్లో ట్రాయ్‌కి చెబితే చాలు. జనం అడగడానికి ఒక గడప, ఒక విచారణ అంటూ లేకుండా పోయింది. నైజీరియాలో పెంపు ఎక్కువే, కానీ అక్కడ ఎవరిని నిలదీయాలో జనానికి తెలుసు.

బీఎస్ఎన్ఎల్ ఆదుకుంటుందా?

2024 జులైలో రేట్లు పెరగ్గానే జనం బీఎస్ఎన్ఎల్ వైపు పరుగెత్తారు. ఆ ఒక్క నెలలోనే దేశవ్యాప్తంగా 29 లక్షల మంది కొత్తగా చేరారు. కానీ నవంబర్ నాటికి ఆ ఊపు పోయింది, కస్టమర్ల సంఖ్య మళ్లీ తగ్గింది. కారణం తెలిసిందే. రేటు తక్కువే గానీ 4జీ అన్నిచోట్లా లేదు.

2025 సెప్టెంబర్ 27న ప్రధాని మోదీ ఒడిశాలోని ఝార్సుగూడలో బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని ప్రారంభించారు. 97,500కి పైగా టవర్లు. టీసీఎస్, తేజస్ నెట్‌వర్క్స్, సీ-డాట్ కలిసి తయారు చేసిన టెక్నాలజీ. ఇది నిలబడితేనే రేట్లకు కళ్లెం పడేది.

ఇక వొడాఫోన్ ఐడియాలో 2025 ఏప్రిల్ నుంచి కేంద్రానికి దాదాపు 49 శాతం వాటా ఉంది. బీఎస్ఎన్ఎల్ పూర్తిగా కేంద్రానిదే. స్పెక్ట్రమ్ అమ్మేదీ, బకాయిలు వసూలు చేసేదీ కేంద్రమే. ఇన్ని పాత్రల్లో ఉన్న కేంద్రం కస్టమర్ తరఫున ఎప్పుడు మాట్లాడుతుందన్నదే అసలు ప్రశ్న.

మన జిల్లాలో ఏది చూసుకోవాలి?

వికారాబాద్ చుట్టూ అనంతగిరి కొండలు, అడవి. టవర్‌కు, ఫోన్‌కు మధ్య కొండ అడ్డొస్తే సిగ్నల్ పడిపోతుంది. టౌన్‌లో బాగా పనిచేసే సిమ్ ఊళ్లో మూగబోవచ్చు. తాండూరు పక్కనే కర్ణాటక. మొబైల్ లెక్కల్లో మనది ఆంధ్రప్రదేశ్ సర్కిల్, అటువైపు కర్ణాటక సర్కిల్. ఒకప్పుడు సరిహద్దు దాటితే రోమింగ్ మోత. ఇప్పుడు అన్‌లిమిటెడ్ ప్యాక్‌లలో ఆ బెడద లేదు. మరో మాట, దామగుండంలో వస్తున్న నేవీ రాడార్ స్టేషన్ జలాంతర్గాములతో మాట్లాడటానికి. దాంతో ఫోన్ సిగ్నల్ పెరుగుతుందనుకుంటే పొరపాటే.

అందుకే మారే ముందు ఇవి తెలుసుకోండి:

* కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు పెట్టాలన్నది ట్రాయ్ నిబంధన. మీ ఊరు పేరు కొట్టి చూడండి. పక్కింటివాళ్ల ఫోన్‌లో కూడా ఓసారి చెక్ చేయండి.

* ఇంట్లో పెద్దవాళ్లకు డేటా అక్కర్లేకపోతే కాల్స్, ఎస్ఎంఎస్‌ల ప్యాక్ అడగండి. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ దీన్ని తప్పనిసరి చేసింది. 2025 జనవరిలో ఎయిర్‌టెల్ తెచ్చిన ఏడాది ప్యాక్ రూ.1,849, అంటే రోజుకు రూ.5 పైచిలుకు. రూ.199 ప్యాక్‌లో 2 జీబీ డేటా ఉన్నా రోజుకు రూ.7 దాటుతుంది. చిక్కల్లా ఒకేసారి అంత కట్టగలగడమే.

* 28 రోజుల గోల వద్దనుకుంటే 30 రోజుల ప్యాక్, ప్రతి నెలా ఒకే తేదీన పడే ప్యాక్ ఒక్కటైనా ఉంచాలని 2022 నుంచే నిబంధన ఉంది. దుకాణంలో చెప్పకపోతే మీరే అడగాలి.

* నంబర్ మారకుండా నెట్‌వర్క్ మారాలంటే పోర్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, మీ నంబర్ రాసి 1900కి మెసేజ్ చేయాలి. ఇప్పుడున్న నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండి ఉండాలి. సిమ్ కొత్తది తీసుకుని ఏడు రోజులు కాకపోతే కుదరదు.

ఉపాధి హామీ కూలీల హాజరు 2023 జనవరి నుంచి యాప్‌లోనే పడుతోంది. బ్యాంకు ఓటీపీ, కందుల మార్కెట్ రేటు, పిల్లల స్కూల్ మెసేజ్.. అన్నీ ఫోన్‌లోనే. వద్దనుకుంటే మానేసే ఖర్చు కాదిది. అందుకే ఇంకోసారి రేట్లు పెరిగినప్పుడు ఎంత పెరిగిందని కాదు, ఎవరిని అడిగి పెంచారని నిలదీయాల్సి ఉంటుంది.