తన్ఖా అడిగాం, పడవ సంగతి అడగలేదు



పోయిన ఆదివారం అసర్ నమాజ్ తర్వాత సిద్దిపేటలో, మా మొహల్లాలోనే ఒక ఇంట్లో రిష్తా మాటలుంటే పెద్దమనిషిగా నన్నూ పిలిచారు. అబ్బాయి సివిల్ ఇంజినీర్. గల్ఫ్‌లో ఆఫ్‌షోర్ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో నౌకరీ. "హమారా బచ్చా సమందర్ మే ఇంజినీర్ హై" అని వాళ్ల ఖాలా ఫఖర్‌గా చెప్పింది. షర్బత్ గ్లాసులు ఖాళీ అయ్యేలోపే తన్ఖా ఎంత, చుట్టీ ఎన్ని రోజులు, పెళ్లయ్యాక పిల్లను తీసుకుపోవచ్చా, అన్నీ తేలిపోయాయి. నేను ఒక్కటే అడిగాను: "బేటా, నువ్వు పండుకునే బార్జ్ ఎవరిది? నీ పేరు మీద ఇన్సూరెన్స్ ఉందా?"

శుభమా అని కూర్చుంటే మౌత్ మాటేంటి అన్నట్టు చూసింది మజ్లిస్. అమ్మాయి మామూ "అల్లాహ్ మాలిక్ హై, భాయ్‌సాబ్" అని మాట మార్చేశాడు.

అల్లాహ్ మాలికే, అందులో షక్ లేదు. కానీ ఆ మాట మనం ఎక్కడ వాడుతున్నామో చూసుకోవాలి.

సముద్రం మన ఊరికి దూరం. రిజర్వాయర్‌కే రంగనాయక సాగర్ అని పేరు పెట్టుకుని మురిసిపోయే వాళ్లం మనం. అందుకే ఈ నౌకరీ ఏమిటో ఇంట్లో వాళ్లకు సరిగా తెలియదు. ఒడ్డున యార్డ్‌లో ఉక్కు గొట్టాలతో జాకెట్ అనే పెద్ద ఢాంచా కడతారు. దాన్ని బార్జ్ మీద మోసుకెళ్లి సముద్రంలో నిలబెట్టి, పైల్స్‌ను అడుగు నేలలోకి దిగగొడతారు. ఆ పైన డెక్‌ను భారీ క్రేన్ ఉన్న జహాజ్ ఎత్తి కూర్చోబెడుతుంది. పైప్‌లైన్ వేసే బార్జ్ అయితే పన్నెండు మీటర్ల పైపులను ఒకదానికొకటి వెల్డ్ చేసుకుంటూ, మెల్లగా ముందుకు జరుగుతూ, నీళ్లలోకి వదులుతుంది. మన అబ్బాయి ఆ వెల్డింగ్ చూడాలి, డ్రాయింగ్ చూడాలి, రోజు లెక్క రాయాలి. పన్నెండు గంటల షిఫ్టు, తర్వాత ఇరుకు కేబిన్‌లో నిద్ర. ఆ కేబిన్ కూడా నీటి మీదే.

తన్ఖా అడగడం తప్పని నేననను. 2007 చట్టంతో బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్, దానికి తోడు ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాకే ఆటో నడిపే అబ్బా, బీడీలు చుట్టే అమ్మీ ఉన్న ఇళ్లలో మొదటి ఇంజినీర్లు పుట్టారు. ఖాందాన్‌లో మొదటిసారి బ్యాంకు మెసేజ్ చూసి కళ్లు తుడుచుకున్న తల్లులు నాకు తెలుసు. ఆ హలాల్ రిజ్‌ఖ్ విలువ నాకెవరూ చెప్పనక్కర్లేదు.

అయితే 2021 మే 17 కూడా నాకు గుర్తుంది. తౌక్టే తుఫాను రోజు. ముంబయి తీరానికి ఆవల ఓఎన్‌జీసీ పనుల కోసం ఉన్న పీ-305 అనే వసతి బార్జ్ లంగర్లు తెగి కొట్టుకుపోయి, ఒక ప్లాట్‌ఫాంను గుద్దుకుని, నీళ్లు నిండి సాయంత్రానికి మునిగిపోయింది. దాని మీద 261 మంది. దానితో పాటు వరప్రద అనే టగ్‌బోట్ మీద 13 మంది. మొత్తం 86 మంది చనిపోయారు. నౌకాదళం లేకపోతే ఇంకెందరు పోయేవారో. కొన్ని మయ్యత్‌లను గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. తుఫాను చెప్పకుండా రాలేదు, వాతావరణ శాఖ హెచ్చరికలు రోజుల ముందే ఉన్నాయి. కెప్టెన్ వాటిని తేలిగ్గా తీసుకున్నాడని, లైఫ్‌రాఫ్టులు చాలావరకు పంక్చరై ఉన్నాయని బతికి బయటపడ్డ చీఫ్ ఇంజినీరే పత్రికలకు చెప్పాడు.

నీట మునిగి పోయినవాళ్లకు షహీద్ దర్జా అని హదీస్‌లో ఉంది. బేవాకు, తల్లికి అది పెద్ద తసల్లీ, ఉండాలి కూడా. కానీ పంక్చరైన రాఫ్ట్‌కు దాన్ని జవాబుగా చెప్పకూడదు. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్న ఉమ్మత్ మనది. ప్రతి జుమా సూర కహఫ్ చదువుతాం. అందులో సముద్రం మీద పనిచేసుకునే మిస్కీన్ల పడవ కోసం ఖిజర్ అలైహిస్సలాం ఎంత ముందుచూపుతో ఆలోచించారో చదువుతాం. చదివి, ఇంటికొచ్చి, "ప్యాకేజీ ఎంత?" అంటాం.

ఇంకో మాట చాలామందికి తెలియదు. పది కూడా చదవని కూలీ ఈసీఆర్ పాస్‌పోర్టు మీద గల్ఫ్ పోతే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. మన ఇంజినీర్‌ది ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు, అతనికి ఆ బీమా తప్పనిసరి కాదు. కంపెనీ ఇస్తే ఉంటుంది, లేకపోతే లేదు. చదువుకున్నాడు కదా, తనే చూసుకుంటాడని సర్కారు అనుకుంటుంది, అల్లుడు కదా, చూసుకునే ఉంటాడని మనం అనుకుంటాం.

నౌకరీ కూడా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. 2024 జనవరిలో సౌదీ సర్కారు రోజుకు కోటీ ముప్పై లక్షల పీపాల సామర్థ్యం వద్దు, కోటీ ఇరవై లక్షలే చాలని ఆరామ్‌కోకు చెప్పింది. ఆ తర్వాత సముద్రంలో రిగ్గుల కాంట్రాక్టులు ఎన్నో ఆగిపోయాయి.

అసలు నన్ను బాధపెట్టేది వేరే. ఈ రంగంలో పని ప్రమాదకరంగా ఉంటే ఆపమని చెప్పే ఇఖ్తియార్ కాగితం మీద ప్రతి ఉద్యోగికీ ఉంటుంది. కానీ ఇంటి నుంచి ఫోన్ వస్తుంది: చెల్లె నిఖా, ఇంటి మీద రెండో అంతస్తు, అబ్బా కర్జా. ఆ ఫోన్ పెట్టేసి పైకొచ్చిన పిల్లవాడు, గాలి పెరుగుతోంది, నన్ను ఒడ్డుకు పంపండి అని ఏ నోటితో అడుగుతాడు? అతని జబాన్ మీద కంపెనీ కన్నా ముందు మనం కూర్చున్నాం. ఒక్కసారి తల్లి గానీ, కాబోయే మామ గానీ "నౌకరీ పోతే పోయింది, నువ్వు దిగిరా" అని ముందే చెప్పి ఉంటే ఆ పిల్లవాడికి అక్కడ కొంచెం ధైర్యముంటుంది. కాంట్రాక్టు నకలు, ఇన్సూరెన్స్ కాగితం, నామినీ పేరు అతని పెట్టెలో కాదు, ఇంట్లో బీవీ చేతిలో ఉండాలి. ఇవి అడగడం బద్‌తమీజీ కాదు. మెహర్ ఎంతో ముందే అడగడం లేదా?

ఆ రోజు మజ్లిస్ లేవబోతుంటే లోపలి గదిలోంచి అమ్మాయి తన తమ్ముడితో ఒక సవాల్ పంపింది: "లైఫ్ జాకెట్ వాళ్లిస్తారా, మనమే కొనుక్కోవాలా?" అందరూ నవ్వారు. అబ్బాయి నవ్వలేదు. కంపెనీయే ఇస్తుందని, ఎక్కగానే దాని సీటీ, లైటు పనిచేస్తున్నాయో లేదో తను చూసుకుంటానని చెప్పాడు. నౌకరీలో చేరేముందు ట్రైనింగ్‌లో హెలికాప్టర్ డబ్బా లాంటి దాంట్లో కూర్చోబెట్టి, నీళ్లలో తలకిందులుగా తిప్పారట. బెల్టు విప్పుకుని కిటికీలోంచి బయటపడాలి. "పహ్లీ బార్ బహుత్ డర్ లగా" అన్నాడు. వాళ్ల అమ్మీ ఆ మాట మొదటిసారి వింటోందని ఆమె మొహం చూస్తేనే తెలిసింది.

రిష్తా పక్కా అయింది, అల్హందులిల్లాహ్. తారీఖ్ అతని చుట్టీ చూసుకుని పెడతారట. ఇన్సూరెన్స్ కాగితం ఫోన్‌లో పంపిస్తానన్నాడు. ఇంకా రాలేదు. అమ్మాయి మామూకు రోజూ గుర్తుచేస్తూనే ఉన్నాను.