బెల్టు చూడక బండి కొనరాదు

పాత మోటారు బండి కొనువారు రంగు చూతురు, టైర్లు చూతురు, ఇంజను మ్రోత విందురు. బెల్టును చూచువారు మాత్రము అరుదు. అది మూతలోపల దాగియుండును. మూత విప్పుటకు పానా కావలెను, కొంత ఓపికయు కావలెను. అమ్మువాడు "బెల్టుదేమున్నదండీ, కొద్ది వందల సరుకు" అని మాట దాటించును. బేరము ముగియును. కొన్ని దినములకు బండి త్రోవలో నిలిచిపోవును.

ఈ మాట అన్ని గేరులేని స్కూటర్లకును వర్తించునదే యైనను, ఇరుప్రక్కల చక్రములు బిగించిన స్కూటర్ల విషయమున విశేషముగా ఆలోచింపదగినది. వెనుక చక్రమునకు కుడియెడమల రెండు చిన్న చక్రములు చేర్చిన ఈ బండిని, చక్రములు లెక్కకు నాలుగైనను, జనులు మూడు చక్రముల బండియనియే పిలుచుచున్నారు. కాలు స్వాధీనములో లేనివారు, ప్రమాదమువలన గాని పోలియోవలన గాని నడక దెబ్బతిన్నవారు దీనిపై పొలమునకు పోవుదురు, పాల కేంద్రమునకు పోవుదురు, కోటవురట్లనుండి నర్సీపట్నము సంతకును ఆసుపత్రికిని పోవుదురు. సాధారణపు స్కూటరు చెడినచో దానిని దిగి నెట్టుకొని పోవచ్చును. ఈ బండి చెడినచో దానిపై నున్నవాడు దిగలేడు, నెట్టలేడు, ఎవరో వచ్చువరకు ఎండలో కూర్చుండవలసినదే. కాబట్టి ఇట్టి బండికి బెల్టు కొద్ది వందల సరుకు కాదు, ఆ మనుష్యుని కాళ్ళతో సమానము. దానిని చూడకుండ ధర నిర్ణయింపరాదనియు, చూచు ఏర్పాటు సంఘమే చేయవలయుననియు మా అభిప్రాయము.

బెల్టులు మన రైతులకు క్రొత్త కావు. చెరకు గానుగను ఆయిల్ ఇంజనుతో త్రిప్పిన దినములనుండి, బియ్యపు మిల్లులలో పొడవాటి తోలు బెల్టులు తిరిగిన దినములనుండి మనకు వాని మర్మము తెలియును. తోలు బెల్టు తెగినచో కుట్టుదుము, లేదా ఇనుప కొక్కెములతో అతుకుదుము. జారినచో గుగ్గిలపు పొడి చల్లుదుము. ఈ పూర్వానుభవమే స్కూటరు బెల్టు విషయమున మనలను త్రోవ తప్పించుచున్నది. స్కూటరు బెల్టు అతుకు లేని వలయము. దాని రబ్బరు నడుమ బలమైన దారములు చుట్టలుగా పోయియుండును, లాగుబలమంతయు ఆ దారములదే. అవి తెగిన పిదప కుట్టు లేదు, అతుకు లేదు. గుగ్గిలము చల్లినను గ్రీజు పూసినను కప్పుల ముఖములు పాడగును. ఇట్టి బెల్టుకు మరమ్మతు అనగా మార్చుటయే, చెడిన కారణమును తొలగించి మార్చుటయే.

కారణము తెలియవలెనన్న పని తెలియవలెను. మెకానికులు పుల్లీలని పిలుచు కప్పులు రెండుండును, ఒకటి ఇంజను వైపు, ఒకటి వెనుక చక్రము వైపు. ప్రతి కప్పియు రెండు పళ్ళెములను ఎదురెదురుగా పెట్టినట్లుండును, వాని నడుమ బెల్టు కూర్చుండును. ఇంజను మెల్లగా తిరుగునపుడు ముందు కప్పిలో బెల్టు నడిమికి దిగియుండును, వెనుక కప్పిలో అంచునకు చేరియుండును. వేగము హెచ్చినకొలది ముందు కప్పిలోని రోలర్లు బయటికి విసరబడి పళ్ళెమును నెట్టును. అంతట బెల్టు ముందు అంచునకెక్కును, వెనుక లోనికి దిగును. చేతితో గేరు మార్చు పనిని ఈ విధముగా బెల్టే చేయుచున్నది. బెల్టు లోపలివైపునున్న పళ్ళను చూచి గేరు పళ్ళవలె పట్టుకొని త్రిప్పుననుకొందురు. అది పొరపాటు. ఆ పళ్ళు బెల్టు సులువుగా వంగుటకును వేడి పోవుటకును మాత్రమే. పట్టంతయు ప్రక్కల రాపిడిలో నున్నది.

ఈ పద్ధతి నేటిది కాదు. హాలెండు దేశమున డాఫ్ కంపెనీవారు 1958లో రబ్బరు బెల్టులతో ఇట్లే నడచు చిన్న కారును బయటపెట్టిరి. మన దేశమున 1984లో వచ్చిన కైనెటిక్ హోండా స్కూటరుతో ఇది జనులకు పరిచయమైనది. నేడు గేరులేని పెట్రోలు స్కూటర్లలో ఇదే వాడుక.

అయితే కంపెనీవారు ఆ బెల్టును రెండు చక్రముల బండికై లెక్కించి చేసిరి. ప్రక్క చక్రములును వాని ఇనుప చట్రమును తరువాత చేరిన బరువులు. చట్రము వంకరగా బిగించినచో ఆ చక్రములు నేలపై ఈడ్వబడును, ఆ ఈడ్పునంతయు బెల్టే మోయవలెను. గతుకుల బాటలో ప్రక్క చక్రము గట్టునెక్కినపుడు వెనుక చక్రము నేలపట్టు తప్పి ఊరక తిరుగును. మరల నేలను తాకగనే బెల్టుపై ఒక్క కుదుపు పడును. దీనికితోడు మనము పాలబిందెలు వ్రేలాడదీయుదుము, 45 కిలోల యూరియా బస్తాను ముందు పెట్టుదుము, వెనుక ఒకరిని కూర్చుండబెట్టుదుము. ఆ భారముతోనే నర్సీపట్నము దాటి లంబసింగి ఘాటీ ఎక్కువారును కలరు. ఎత్తు ఎక్కునపుడు బెల్టు వేడెక్కును, వేడివలన రబ్బరు గట్టిపడి పగులును. అందుచేత సాధారణపు స్కూటరునకు కంపెనీవారు వ్రాసిన గడువు ఈ బండికి చాలదు. అందులో సగము దూరమునకే మూత విప్పి చూచుట మంచిది.

చెడు బెల్టు తన సంగతిని ముందుగనే తెలుపును. బయలుదేరునపుడు బండి వణకును. ఇంజను పెద్దగా అరచినను వేగము రాదు. అరిగి సన్నబడిన బెల్టు ముందు కప్పి అంచువరకు ఎక్కలేకపోవుటయే దీనికి కారణము. కీచుమను శబ్దము, కాలిన రబ్బరు వాసన మరి రెండు గుర్తులు. మూత విప్పినచో మరికొన్ని కనబడును. కొంచెము నల్లని పొడి సహజమే. రబ్బరు ముక్కలు, దారపు పోగులు సహజములు కావు. బెల్టును చేతితో వెనుకకు వంచి పళ్ళ మొదళ్ళలో పగుళ్ళున్నవేమో చూడవలెను. ప్రక్కలు అద్దమువలె మెరయుచున్నచో అది జారుచున్నదని అర్థము. వెడల్పును కొలిచి కంపెనీ పుస్తకములోని కనీసపు కొలతతో పోల్చవలెను. ఏండ్లతరబడి పాకలో నిలిపియుంచిన బండి తక్కువ దూరము తిరిగినదని సంతోషింపరాదు. కదలక వంగియున్న చోట రబ్బరు ఎండి పగులుట కలదు.

తెగిన బెల్టును పారవైచి క్రొత్తది వేయించి ఇంటికి పోవుట మన వాడుక. ఆ క్రొత్త బెల్టు కొలది నెలలలోనే తెగినచో సరుకు మంచిది కాదని దుకాణదారును నిందింతుము. దుకాణములలో నకిలీ సరుకు లేదని మేము చెప్పుట లేదు. కాని అనేక పర్యాయములు దోషము బండిలోనే యుండును. ఇంజను ఆయిల్ సీలు కారి నూనె బెల్టుపై పడుచుండవచ్చును. వెనుక గేరు పెట్టె సీలు కారుచుండవచ్చును. రోలర్లు ఒకవైపు అరిగి బల్లపరుపై యుండవచ్చును. కప్పి ముఖమున గాడి పడియుండవచ్చును. గాలి వచ్చు త్రోవ బురదతో మూసికొనిపోయి లోన వేడి నిలిచియుండవచ్చును. వాగు దాటునపుడు పెట్టెలో చేరిన నీరు నిలిచియుండవచ్చును. ఈ యారింటిని చూడకుండ బెల్టు మార్చుట తూము మూయకుండ చెరువు నింపుటవంటిది.

బిగించు పనిలోను ఒక కిటుకు కలదు, చాలమంది నేర్పరులే దీనిని మరతురు. ముందు కప్పి నట్టు బిగించునపుడు బెల్టు రెండు పళ్ళెముల నడుమ నలిగియుండరాదు. నలిగియున్నచో నట్టు గట్టిగా బిగిసినట్లే తోచును గాని, నిజమునకు పళ్ళెము తన స్థానమునకు చేరలేదు. బండి కొంత దూరము పోగానే బెల్టు సర్దుకొనును, నట్టు వదులగును, పళ్ళెము ఊగి ఇరుసు పళ్ళను కొరికివేయును. అప్పుడు ఖర్చు బెల్టుతో పోదు, ఇంజనును విప్పవలసివచ్చును. కాబట్టి ముందుగా వెనుక కప్పి పళ్ళెములను విడదీసి బెల్టును అందులో లోతుగా దించవలెను. అప్పుడు ముందువైపు వదులు దొరకును. బెల్టుపై బాణపు గుర్తున్నచో అది తిరుగు దిక్కునకుండవలెను. కప్పుల ముఖములను పొడిబట్టతో శుభ్రము చేయవలెను. నట్టును చేతి అంచనాతో కాక కొలత చూపు టార్క్ రెంచితో బిగింపవలెను. బెల్టును కంటి అంచనాతో కొనక ఆ బండి రకమునకు కంపెనీ ఇచ్చిన నంబరు ప్రకారము కొనవలెను.

త్రోవలో బెల్టు తెగినపుడు ఇంజను తిరుగును గాని చక్రము తిరుగదు. ఘాటీ దిగుచున్నపుడు ఇట్లయినచో ఇంజను పట్టు ఉండదు, బ్రేకే ఆధారము. కంగారుతో ఆక్సిలేటరు త్రిప్పక మెల్లగా బ్రేకు వేసి ప్రక్కకు నిలుపవలెను.

ఇక కొనుగోలు మాట. ధర చెప్పుకొనకమునుపే బెల్టు మూత విప్పవలెను. విప్పనీయనివాని బండి మనకు వలదు. బెల్టు, రోలర్లు, సీళ్ళు మార్చవలసియున్నచో ఆ ఖర్చు ధరలో తగ్గింపవలెను. ప్రక్క చక్రముల సంగతి రిజిస్ట్రేషను పత్రములో చేరినదా లేదా యనియు చూడవలెను. 2019 నాటి సవరణ చట్టము మోటారు వాహనముల చట్టములో ఇట్టి బండ్లకు 'అడాప్టెడ్ వెహికల్' అను పేరు పెట్టినది. పత్రములో ఎక్కని మార్పు ప్రమాద సమయమున భీమా విషయమై చిక్కు తెచ్చిపెట్టగలదు. బండి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చినదైనచో, అమ్ముటకు అధికారమున్నదా యని ముందుగా సంబంధిత కార్యాలయమున విచారింపవలెను.

ఇవన్నియు ఒంటరి రైతు చేయగలడా? పానా లేనివాడు, వంగి చూడలేనివాడు, మెకానికునకును అమ్మువానికిని గల స్నేహము నెరుగనివాడు చేయలేడు. సంఘము చేయగలదు. నెలకొక దినము నమ్మకమైన మెకానికును పిలిపించి, కొనదలచిన బండ్లను సభ్యుని ఎదుటనే విప్పి చూపింపవచ్చును. అతని కూలి బండ్లమీద పంచుకొన్నచో ఒక్కొక్కరిపై పడునది స్వల్పము. పాత బండి కొనుటకు అప్పు కోరు సభ్యుని దరఖాస్తుతో ఈ పరీక్షా పత్రమును జతపరుపవచ్చును. టార్క్ రెంచి ఒకటి సంఘమున నుంచి అవసరమైనవారికి ఎరువీయవచ్చును.

ఎరువులు, విత్తనములు, అప్పులు చూచుకొనవలసిన సంఘమునకు స్కూటరు బెల్టు గొడవ యెందుకని కొందరు ప్రశ్నింతురు. అప్పు తీరవలెనన్న పాలు కేంద్రమునకు చేరవలెను, రైతు పొలమునకు చేరవలెను. చేర్చు బండి నిలిచినచో వాయిదాయు నిలుచును. బెల్టులు కొని నిలువచేసినచో అమ్ముడుపోక సొమ్ము చిక్కుకొనునని మరికొందరందురు. ఈ మాటలో సత్యము కలదు. నిలువలో రబ్బరు ముదురును గనుక పెద్ద నిలువ మేమును కోరము. సభ్యులవద్ద హెచ్చుగా నున్న ఒకటి రెండు రకములకు మాత్రము రెండేసి బెల్టులుంచి, ముందు వచ్చినదానిని ముందు అమ్మినచో నష్టము రాదు.

ఈ సీమకు సహకారము పుస్తకములలో చదివిన పాఠము కాదు. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో 1933లోనే రైతులు సహకార పద్ధతిని చక్కెర కర్మాగారము స్థాపించిరి. అంతటి యంత్రసముదాయమును కూడి నెలకొల్పిన ప్రాంతమువారికి ఒక బెల్టు మూతను కూడి విప్పించుట అసాధ్యము కానేరదు. రానున్న సర్వసభ్య సమావేశమున ఈ ప్రతిపాదనను చర్చకు పెట్టవలసినదని పాలకవర్గమువారిని కోరుచున్నాము. ఇట్టి బండ్లు నడుపు సభ్యులు ఆ సమావేశమునకు తప్పక విచ్చేసి తమ కష్టములను తామే చెప్పవలయును. వారికి ఆ దినమున రాకపోకల సాయము చేయుట ఇరుగుపొరుగు సభ్యుల ధర్మము.